బుర్జ్ ముందా, ఉప్పుటేరు ముందా

ఉత్తర తెలంగాణ పల్లెల్లో దుబాయి ఒక్క ఊరి పేరు కాదు. మస్కట్ పోయినా, కువైట్ పోయినా, సౌదీ పోయినా ‘దుబాయి పోయిండు’ అనే అంటారు. బతుకుతెరువు కోసం యాభై ఏళ్లుగా మనుషులు వెళ్లిన ఆ చోటికి ఇప్పుడు అవే ఊళ్ల నుంచి, అవే కుటుంబాల నుంచి సెలవులు గడపడానికి వెళ్తున్నారు. ఈ మార్పు నాకు సంతోషం కలిగిస్తుంది. అయితే తొలిసారి వెళ్లేవాళ్లు నాలుగు రోజుల్లో ముందు ఏం చూడాలి, ఏది చివరికి పెట్టుకోవాలి అన్నది తేలికపాటి ప్రశ్నగా నాకు తోచదు. ఎడారిలో లేచిన నగరం మనకు అర్థమవడం, కాకపోవడం దాన్ని చూసే వరుస మీదే ఆధారపడుతుందని నా నమ్మకం. ఆ నమ్మకం నిలుస్తుందో లేదో చూడడానికే ఈ సంవాదం. మాట్లాడుకునేది జగిత్యాల వైపు ఒక ఇంటి వదిన, మరిది. భార్యను, ఇద్దరు పిల్లలను, తల్లిని వెంటబెట్టుకుని మరిది మొదటిసారి దుబాయ్ చూడబోతున్నాడు. నా మొగ్గు వదిన వైపే, దాచను. కానీ మరిది వాదంలోనూ పస ఉంది. అందుకే ముందు అతని మాట.

మరిది: నా లెక్క సూటిగా ఉంది వదినా. నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు. దిగిన రోజే బుర్జ్ ఖలీఫా, దుబాయ్ మాల్. మర్నాడు పామ్ జుమైరా, మెరీనా. మూడో రోజు ఎడారి సఫారీ. నాలుగో రోజు బంగారం బజారు గోల్డ్ సూక్‌లో కొనుగోళ్లు, పిల్లలకు స్కీ దుబాయ్‌లో మంచు. 828 మీటర్ల కట్టడం లోకంలో ఇంకెక్కడా లేదు. పిల్లలు ఫోన్లో చూసిందీ అదే, రోజూ అడుగుతున్నదీ అదే. 2024లో ఆ నగరంలో రాత్రి బస చేసిన విదేశీ సందర్శకులు కోటీ 87 లక్షల మంది. వాళ్లందరూ పాత సందులు తిరగడానికి వచ్చారా? పాతది కావాలంటే మనకు 1591 నాటి చార్మినార్ ఉంది. అక్కడి అల్ ఫహీదీ కోట 1787 నాటిదట, మన చార్మినార్ కంటే దాదాపు రెండు వందల ఏళ్లు చిన్నది. దానికోసం వీసా తీసుకుని, విమానమెక్కి, దిర్హాముకు 23 రూపాయలకు పైగా పోసి వెళ్లాలా? కొత్తదనానికి పేరుపడ్డ ఊరికి కొత్తది చూడడానికే పోవాలి.

వదిన: వయసులో పోటీ పెడితే ఆ కోట ఓడిపోతుంది, అందులో వాదన లేదు. నేను అడిగేది వేరే సంగతి. నీ జాబితాలో ఉన్నవన్నీ అక్కడే ఎందుకు వెలిశాయి? నది లేదు, పండే నేల లేదు, ఏడాది మొత్తానికి సగటున వంద మిల్లీమీటర్ల వాన కూడా పడదు. అలాంటి చోట అన్ని లక్షల మంది ఎలా బతుకుతున్నారు? చమురు వల్ల అంటారు అందరూ. దుబాయ్‌లో చమురు బయటపడింది 1966లో. ఎగుమతి మొదలైంది 1969లో. ఆ నగరం దిశ మార్చిన పని అంతకుముందే జరిగిపోయింది. ఊరి మధ్యలోకి సముద్రం నుంచి ఒక నీటిపాయ వస్తుంది. అరబ్బీలో ఖోర్, అందరూ అనేది క్రీక్, మన కోస్తావాళ్లు ఉప్పుటేరు అంటారే, అచ్చం అదే. 1950ల్లో అది ఇసుక మేటలు వేసి పూడిపోతూ వచ్చింది. పక్కనున్న షార్జా పాయకూ అదే గతి పట్టింది. అప్పుడు షేక్ రషీద్ బిన్ సయీద్ అల్ మక్తూమ్ కువైట్ నుంచి అప్పు తెచ్చి మరీ పూడిక తీయించాడు. 1961 నాటికి ఆ పని పూర్తయింది. షార్జాకు వెళ్లే సరుకు కూడా దుబాయ్ దారి పట్టింది. చేతిలో చమురు లేని పాలకుడు, వస్తుందో రాదో తెలియని రాబడిని నమ్మి, అప్పు చేసి ఏరును లోతు చేయించాడు. ఆ తర్వాత 1972లో రషీద్ రేవు, 1979లో జెబెల్ అలీ రేవు, 1985లో ఆ రేవు పక్కనే పన్నుల్లేని వాణిజ్య మండలం, అదే ఏడాది అక్టోబర్ 25న పాకిస్తాన్ విమానాలను అద్దెకు తీసుకుని మొదలైన ఎమిరేట్స్ సంస్థ, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ప్రతి అడుగూ ఆ మొదటి అడుగుకు కొనసాగింపే. సరుకు ఆగే చోటుకు మనిషి వస్తాడు, మనిషి ఆగే చోట మేడ లేస్తుంది. నువ్వు మేడతో మొదలుపెడితే, కథను చివరి పుట నుంచి చదివినట్టే.

మరిది: కథ ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. కాళ్లతో తిరిగి చూసేటప్పుడు కంటికి ఏదైనా ఆనాలి గదా. ఇంకో సంగతి, ఆ పాతదనం కూడా నిజమైనది కాదని విన్నాను. అల్ సీఫ్ అని క్రీక్ ఒడ్డున ఒక వాడ ఉంది. మట్టిగోడలు, చెక్క తలుపులు, చూస్తే వందేళ్లవి అనిపిస్తాయి. కట్టింది మొన్న మొన్న. అసలైన పాత వాడ బస్తకియాలో సగం 1980ల్లో కూల్చేశారు, మిగిలింది బాగుచేసి రంగు వేసి నిలబెట్టారు. కొత్తగా కట్టిన పాతదనాన్ని చూడడం కంటే, కొత్తగా కట్టామని ధైర్యంగా చెప్పుకునే బుర్జ్‌ను చూడడమే నిజాయితీ అనిపించడం లేదూ?

వదిన: అల్ సీఫ్ విషయంలో నువ్వు చెప్పింది ఒప్పే. కాఫీ తాగడానికి బాగుంటుంది తప్ప అక్కడ తెలుసుకునేది తక్కువ. మొదటి ప్రయాణంలో దాన్ని వదిలేయొచ్చు. బస్తకియా సంగతి అలా తీసేయలేం. ఇప్పుడు అల్ ఫహీదీ వాడ అంటున్నది అదే. కూల్చివేత ఆగడం వెనుక ఒక బ్రిటిష్ వాస్తుశిల్పి పట్టుదల, 1989లో ఆ వాడకు వచ్చిన ఛార్లెస్ యువరాజు మెచ్చుకోలు ఉన్నాయంటారు. ఆ పేరు ఎక్కడిదో చూడు. ఇరాన్ దక్షిణాన బస్తక్ అనే ఊరుంది. అక్కడి వర్తకులు ఈ గట్టుకు వచ్చి ఇళ్లు కట్టుకున్నారు. ఇరాన్ రేవుల్లో సుంకాలు పెంచారు, దుబాయ్ పాలకుడు 1900ల తొలి ఏళ్లలో సుంకం ఎత్తేశాడు. వర్తకులు ఎటు వస్తారో వేరే చెప్పాలా? పన్ను తగ్గించి మనుషులను రప్పించే ఇవాళ్టి దుబాయ్ పద్ధతికి నూట పాతికేళ్ల వయసు ఉందన్నమాట. అది పుస్తకంలో చదివితే ఒక వాక్యం. ఆ సందుల్లో నిలబడి తలెత్తితే ఇంటింటి మీదా నాలుగు వైపులా తెరుచుకున్న గాలి గోపురం కనిపిస్తుంది. బర్జీల్ అంటారు. ఏ దిక్కున గాలి వీచినా పట్టి కింది గదిలోకి దింపుతుంది, వేడి గాలిని పైకి పంపుతుంది. పగడపు రాయితో, సున్నంతో కట్టిన మందపాటి గోడలు, ఎండ నేల తాకనంత ఇరుకైన సందులు, కరెంటు లేని కాలంలో మనిషి అక్కడ వేసవి గడిపిన తీరు ఇది. ఇది చూసిన పిల్లలు బుర్జ్ దగ్గరికి వెళ్లాక సరైన ప్రశ్న అడుగుతారు. ఇంత అద్దాల మేడ లోపల చల్లగా ఎలా ఉంది, ఆ చల్లదనానికి ఎంత ఖర్చు అని. జవాబు కూడా చెప్పొచ్చు. ఆ మేడ ఏసీలు ఉక్కగాలి నుంచి ఒడిసిపట్టే నీటిని గొట్టాల ద్వారా కింద తొట్టిలో పోగుచేసి తోటలకు పారిస్తారు. తాగే నీరు దాదాపు అంతా సముద్రపు నీటిని ఉప్పు తీసి తయారుచేసిందే. ముందు గాలి గోపురం చూడని పిల్లవాడికి బుర్జ్ పొడుగ్గా ఉంది అన్న ఒక్క సంగతే మిగులుతుంది, అదెలాగూ ఫోన్లో తెలిసిందే.

ఇక కంటికి ఆనడం గురించి. క్రీక్ మీద బర్ దుబాయ్ ఒడ్డు నుంచి డేరా ఒడ్డుకు అబ్రా అనే చెక్క పడవ దాటిస్తుంది. మనిషికి ఒక దిర్హాము. అందులో పక్కన కూర్చునేది మలయాళీ గుమాస్తా కావచ్చు, పాకిస్తానీ కూలీ కావచ్చు, మన సిరిసిల్ల వాడే కావచ్చు. అవతలి ఒడ్డున మసాలా సూక్, దాని వెనక గోల్డ్ సూక్. ఆ నీటి దారి ఎవరి కోసమో అలంకరించి పెట్టింది కాదు, పొద్దున్నుంచి రాత్రిదాకా జనం పనులకు వెళ్లే దారి. కొత్తగా కట్టిన పాతదనం అన్న నీ మాట దీనికి తగలదు.

మరిది: సరే, అబ్రా ఎక్కిద్దాం. కానీ మా సెలవులు మేలోనే. అప్పుడు హోటళ్ల రేట్లూ తగ్గుతాయి. మీరు చెప్పే సందులు, ఒడ్లు మేలో ఎలా తిరుగుతాం? అమ్మకు మోకాళ్ల నొప్పులు. మాల్ అయితే చల్లగా ఉంటుంది, కూర్చోవడానికి చోటుంటుంది, లిఫ్టు ఉంటుంది. మీ వరుస కుర్రాళ్లకు పనికొస్తుంది గానీ, డెబ్బై ఏళ్ల మనిషిని వెంట పెట్టుకున్న ఇంటికి పనికిరాదు.

వదిన: ఇది నీ వాదనల్లో గట్టిది. దీనికి నా జవాబు, మేలో వెళ్లొద్దు. వేసవిలో అక్కడ పగలు 40 డిగ్రీలు దాటుతుంది. పొద్దు కుంకినా సముద్రపు ఉక్క దిగదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఆరుబయట కూలిపని చేయించడం చట్టప్రకారం నిషేధం. ఎండ అంత కఠినమైనదని ప్రభుత్వమే ఒప్పుకుని గీసిన గీత అది. వేసవిలో మిరకిల్ గార్డెన్ మూసేస్తారు, గ్లోబల్ విలేజ్ ఉండదు, ఎడారిలో నిలవలేం. మిగిలేవి మాల్‌లే. తగ్గిన హోటల్ రేటు చూసి వెళ్లినవాళ్లు ఆ మిగిలిన డబ్బును మాల్‌లోనే పోస్తారు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మధ్యాహ్నం కూడా 25 డిగ్రీల చుట్టూ ఉంటుంది. సంక్రాంతి సెలవులు ఆ నడుమే వస్తాయి. గది అద్దె ఎక్కువ, నిజమే. కానీ గది ఎక్కడ తీసుకుంటావన్నది ఆ లెక్కను సరిచేస్తుంది. బుర్జ్ కిందో, మెరీనాలోనో కాకుండా బర్ దుబాయ్‌లో, బుర్‌జుమాన్ మెట్రో స్టేషన్‌కు దగ్గర్లో తీసుకో. ఎర్ర లైను, పచ్చ లైను కలిసే స్టేషన్లలో అదొకటి. అద్దె తక్కువ, మనవాళ్ల హోటళ్లున్న కరామా పక్కనే కాబట్టి అత్తమ్మకు అన్నం, పప్పు దొరుకుతాయి. ఉదయం రెండు గంటలు పాత వాడ, ఎండెక్కాక గదికొచ్చి పడక, సాయంత్రం ఒడ్డు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషిని నిజంగా అలిపించేది దుబాయ్ మాల్. స్టేషన్ నుంచి మాల్‌కు పోయే అద్దాల వంతెనే ముప్పావు కిలోమీటరుకు పైగా ఉంటుంది. కదిలే బాట వేశారు గానీ, అది అయ్యాక అసలు మాల్ మొదలవుతుంది. పోల్చి చూస్తే అల్ ఫహీదీ వాడ అరచేతంత.

మెట్రో మాట వచ్చింది కాబట్టి, నీ జాబితాలో లేనిది ఒకటి చెబుతాను. 2009 సెప్టెంబర్ 9న మొదలైన ఎర్ర లైను డ్రైవరు లేకుండా నడుస్తుంది. నోల్ అనే టికెట్ కార్డు తీసుకుని బుర్‌జుమాన్ నుంచి మెరీనా దాకా ఒకసారి కూర్చో. దాదాపు దారి పొడవునా షేక్ జాయెద్ రోడ్డు కనిపిస్తూనే ఉంటుంది. మొదట్లోనే వరల్డ్ ట్రేడ్ సెంటర్ వస్తుంది, 39 అంతస్తులది, 1979లో కట్టినప్పుడు చుట్టూ ఇసుకే. చుట్టూ లేచిన మేడల పక్కన ఇప్పుడు అది చిన్నదిగా కనిపిస్తుంది. అక్కడి నుంచి ఒక్కో స్టేషనూ ఆ నగరం వయసులో కొన్నేళ్లు ముందుకు జరిగినట్టే. మామూలు ట్యాక్సీలో నలుగురికే చోటు, మీరు ఐదుగురు. మెట్రోయే మీకు అనువు. ఆడవాళ్లకు, పిల్లలకు విడిగా కేటాయించిన భాగంలో నువ్వు ఎక్కకు, లోపల ఎవరూ ఏమీ తినకండి. రెండింటికీ జరిమానా ఉంది.

మరిది: వరుస గురించి మీరు చెప్పేది కొంత ఒప్పుకుంటున్నాను. కానీ ఈ మాటల వెనక ఇంకోటి ఉందని నాకు అనుమానం. క్రీక్ చూపించి, కూలీలను చూపించి, చివరికి సోనాపూర్ లేబర్ క్యాంపుల దగ్గరికి తీసుకెళ్లాలనుకుంటున్నారు. వదినా, మన ఊళ్లలో ఆ దుఃఖం చాలదా? ఏజెంటు మోసం, విజిట్ వీసా మీద పోయి ఇరుక్కోవడం, పెట్టెలో తిరిగొచ్చిన శవం, ఏ ఇంటికి పోయినా ఒకటి వినబడుతుంది. ఏడాదంతా కష్టపడి కూడబెట్టిన డబ్బుతో పిల్లలకు నాలుగు రోజులు సంతోషం చూపిద్దామంటే, అక్కడ కూడా కన్నీళ్లేనా? పైగా మరో సంగతి మర్చిపోతున్నారు. ఆ దుబాయి డబ్బుతోనే మన దగ్గర ఇళ్లు లేచాయి, పొలాల్లో బోర్లు పడ్డాయి, ఆడపిల్లల పెళ్లిళ్లు అయ్యాయి. ఆ నగరాన్ని దోషిగా నిలబెట్టి చూడడం కూడా న్యాయం కాదు.

వదిన: క్యాంపు దగ్గరికి పోవద్దు. అలసి వచ్చి గదిలో పది మందితో సర్దుకుని పడుకున్న మనిషిని చూడడానికి సందర్శకులు పోవడం అతన్ని అవమానించడమే. అంత కఠినమైన పని చేయమని నేను ఎవరికీ చెప్పను. అలాగే నగరాన్ని బోనులో నిలబెట్టమనీ చెప్పడం లేదు. నువ్వన్న ఇళ్లు, బోర్లు, పెళ్లిళ్లు అన్నీ నిజమే. కానీ ఆ సొమ్ము ఎలా వచ్చిందో తెలిసిన ఊళ్ల నుంచి పోతున్న మనం, ఆ మేడను ఎవరు కట్టారో మాత్రం పిల్లలకు చెప్పకుండా చూపిస్తామా? బుర్జ్ నిర్మాణం ఉద్ధృతంగా సాగిన రోజుల్లో అక్కడ రోజుకు దాదాపు 12,000 మంది పనిచేసేవారు. ఎక్కువ మంది మన ఉపఖండం వాళ్లే. 2006 మార్చిలో అదే స్థలంలో కూలీల కడుపుమంట రేగి అల్లర్లు జరిగాయి. ఆ నగరంలో పదిమందిలో తొమ్మిది మంది బయటి దేశాల వాళ్లే. అక్కడ అడుగడుగునా కనిపించే మనుషులు వీళ్లే అయినప్పుడు, వాళ్లను కనబడనట్టు దాటిపోతే మనం చూసిందేమిటి? నీ పిల్లల బడిలో తండ్రి గల్ఫ్‌లో ఉన్న పిల్లలు లేరా? నీ పిల్లలకు దుఃఖం కొత్తగా చూపించాల్సిన పని లేదు, తెలిసినదాన్ని గౌరవంతో చూడడం నేర్పితే చాలు. చేయాల్సింది కూడా పెద్దదేమీ కాదు. అబ్రాలోనో, కరామా హోటల్లోనో, మాల్ తుడుస్తున్న చోటో తెలుగు మాట వినబడితే ఆగి, ఏ ఊరన్నా అని అడగండి. అతనికి తీరిక ఉంటే మాట్లాడతాడు. ఫోటో తీయబోకండి. మనిషిని అడక్కుండా ఫోటో తీయడం అక్కడ చట్టానికే విరుద్ధం, మర్యాదకూ విరుద్ధం. ఆ ఐదు నిమిషాల మాటలు బుర్జ్ ముందరి ఫౌంటెన్ కంటే ఎక్కువ కాలం గుర్తుండొచ్చు, గుర్తుండకపోనూ వచ్చు. ఆ అవకాశాన్ని మాత్రం మనం ముందే మూసేయకూడదు.

విజిట్ వీసా అన్నావు కాబట్టి ఈ మాట కూడా. మీరు తీసుకునేది చూడడానికి ఇచ్చే వీసా. తిరుగు టికెట్టు, హోటల్ బుకింగ్ కాగితాలు దగ్గర ఉంచుకోండి, గడువు దాటితే రోజుకు 50 దిర్హాములు కట్టాలి. పక్కింటి అబ్బాయిని ‘మీతో తీసుకుపోండి, అక్కడ పని చూసుకుంటాడు’ అని ఎవరైనా అడిగితే కాదని చెప్పు. ఆ వీసా మీద పని చేస్తూ దొరికినవాడికి అక్కడి చట్టం దగ్గర రక్షణ ఉండదు. ఇక చెల్లె సర్దే డబ్బాల్లో గసగసాలు లేకుండా చూడు. మన మసాలాలో చిటికెడు వేసే గింజే, అక్కడ మత్తుమందుల కిందికి వస్తుంది, పట్టుబడితే జైలు. అత్తమ్మ నొప్పి బిళ్లల్లో ట్రమడాల్ ఉన్నా, దగ్గు మందులో కోడీన్ ఉన్నా ముందే అక్కడి ఆరోగ్యశాఖ అనుమతి తీసుకోవాలి, డాక్టరు చీటీ వెంట ఉండాలి.

మరిది: అవి రాసుకుంటాను. బంగారం విషయం మాత్రం నా మాట వినండి. అక్కడ తులం మీద ఎంతో కొంత తక్కువే. టూరిస్టులకు 5 శాతం వ్యాట్‌లో చాలాభాగం కూడా విమానాశ్రయంలో వెనక్కి ఇస్తారు. ఆ మిగులుతోనే సగం టికెట్ల ఖర్చు వస్తుందని అందరూ అంటున్నారు. గోల్డ్ సూక్‌ను మీరు కథల కోసం చూస్తానంటే చూడండి, నేను కొనడానికి పోతాను.

వదిన: కథ తెలిస్తే నువ్వు కొనడానికి పోవు. ఆ సూక్‌లో అంత బంగారం ఎందుకుందో అడుగు. 1950ల దాకా ఆ తీరమంతా చెల్లింది మన రూపాయే. 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసమని విడిగా రూపాయి నోట్లు అచ్చువేసింది. 1966లో మన ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించేదాకా దుబాయ్ వాళ్లు దాన్ని వాడారు, దెబ్బ తగిలాక వదిలేశారు. అంతకుముందు కూడా అంతే, ముత్యాలు తీసింది గల్ఫ్ గజ ఈతగాళ్లు, కొన్నది బొంబాయి వ్యాపారులు. 1930ల్లో ప్రపంచమంతా మాంద్యం, మరోవైపు జపాన్ పెంపకపు ముత్యాలు, ఆ రెండింటి దెబ్బకు ముత్యాల వ్యాపారం కూలిపోయింది. ఆ తర్వాత దుబాయ్ వ్యాపారులను నిలబెట్టినవాటిలో మన బంగారపు ఆంక్షలు ఒకటి. మన దగ్గర 1960ల్లో బంగారం మీద నియంత్రణ వచ్చింది, 1968లో చట్టమే చేశారు, 1990లో గానీ రద్దు కాలేదు. ఆ రోజుల్లో క్రీక్‌లో చట్టబద్ధంగా కొన్న బంగారం చెక్క ఓడల్లో మన పడమటి తీరానికి దొంగచాటుగా చేరేది. మన చట్టానికీ మన పెళ్లిళ్ల అవసరానికీ మధ్య ఉన్న సందులోంచి పెరిగిన బజారు అది. ఇప్పటికీ ధరలో తేడా అంటే చాలావరకు సుంకం తేడానే. 2024 జులైలో మన ప్రభుత్వం ఆ సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి దించింది, తేడా అక్కడే కరిగింది. పైగా నగలను సుంకం లేకుండా తెచ్చుకునే సౌకర్యం ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చేవాళ్లకే. నాలుగు రాత్రులు ఉండి వచ్చేవాళ్లకు అది వర్తించదు. సుంకం కట్టి తెస్తే మిగిలేదేమీ ఉండదు, కట్టకుండా తేవాలనుకుంటే అమ్మ ముందు, పిల్లల ముందు కస్టమ్స్ వాళ్లకు జవాబు చెప్పుకోవాలి. సూక్ మాత్రం తప్పక చూడు. కిటికీల నిండా వేలాడే ఆ హారాలు మన చరిత్రలో ఒక ముక్క.

మరిది: సరే, ఎడారి సఫారీ? అదైనా ఉంచుతారా?

వదిన: ఉంచుదాం, కానీ రకం మారుద్దాం. ఇసుక దిబ్బల మీద జీపును ఎగరేసి దూకించే ఆట అత్తమ్మ నడుముకు పనికిరాదు. రాత్రి విందులో వేసే బెల్లీ డాన్స్ ఆ నేలది కాదు, అక్కడివాళ్ల సంప్రదాయం వెదురు కర్రలు ఊపుతూ వరుసలు కట్టి ఆడే అయ్యాలా. దుబాయ్ ఎడారి సంరక్షణ ప్రాంతం అని 225 చదరపు కిలోమీటర్ల నేలను కంచె వేసి కాపాడుతున్నారు. అరేబియా ఒరిక్స్ మందలు అక్కడ తిరుగుతాయి, 1970ల్లో అడవిలో అంతరించిపోయిన జంతువును పెంచి మళ్లీ వదిలారు. నిదానంగా తిప్పి చూపించే బళ్లు ఉంటాయి, ఖరీదు కొంచెం ఎక్కువ. నీ పిల్లలకు ఎడారి అంటే ఖాళీ చోటు కాదని అక్కడే తెలుస్తుంది. నగరం కూడా ఆ నేల మాట పూర్తిగా కాదనలేదు. 2024 ఏప్రిల్ 16న ఒక్క రోజులో విమానాశ్రయం దగ్గర 142 మిల్లీమీటర్లు కురిసింది, ఏడాదిన్నర వాన ఒక్కసారి. రోడ్లు ఏర్లయ్యాయి, రన్‌వే మునిగింది, విమానాలు ఆగిపోయాయి. వాననీటి కాలువల అవసరమే పెద్దగా పడని నేల మీద అంత ఊరు కట్టినందుకు వచ్చిన చిక్కు అది.

మరిది: అంటే అబ్రా, పాత వాడ, మెట్రో, ఎడారి అన్నీ అయ్యాక, బుర్జ్ చివరికి. పిల్లలు దిగిన రోజు నుంచి ప్రతి మలుపులో దాన్ని చూస్తూనే ఉంటారు. నాలుగు రోజులు ఎలా ఆపేది? చివరి సాయంత్రం దుమ్ము లేచిందనుకోండి, పొగమంచు కమ్మిందనుకోండి, అసలు చూడాల్సింది చూడకుండా తిరిగొస్తాం. ఆ నష్టం మీరు తీర్చగలరా?

వదిన: తీర్చలేను. అందుకే ఆఖరి రోజుకు పెట్టొద్దు, నాలుగో సాయంత్రానికి పెట్టుకో. ఐదో రోజు విమానం రాత్రిది తీసుకుంటే ఒక పగలు చేతిలో ఉంటుంది. సూర్యాస్తమయం వేళ టికెట్ ధర ఎక్కువ, ముందే కొనాలి. కానీ నాలుగో రోజు అంటున్నది పిల్లల ఓపికను పరీక్షించడానికి కాదు. 124వ అంతస్తు నుంచి కనిపించేది ఒక పటం. ఊరు తెలియకుండా ఎక్కితే దీపాలు, రోడ్లు, బొమ్మల్లాంటి కార్లు, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. నాలుగు రోజులు తిరిగాక ఎక్కితే, మెట్రో వంగిన మలుపు అదిగో, పామ్ ఆ పక్క, ఒరిక్స్‌లను చూసిన ఇసుక ఆ వెనక అని పిల్లలే వేలుపెట్టి చూపిస్తారు. ముఖ్యంగా కిందికి చూడమను. మేడకు కొంచెం అవతల, బిజినెస్ బే వైపు ఒక నీటిపాయ కనిపిస్తుంది. అది మేడ పాదాల దగ్గరి ఫౌంటెన్ చెరువులా విడిగా ఉన్నది కాదు. పాత క్రీక్‌ను లోపలికి బిజినెస్ బే దాకా తవ్వుకుంటూ వచ్చారు, 2016లో అక్కడి నుంచి జుమైరా దగ్గర మళ్లీ సముద్రంలో కలిసేలా కాలువ తీశారు. 1961లో పూడిక తీసిన ఆ ఉప్పుటేరే పొడుగై, మేడకు కొంచెం అవతలగా తిరిగి సముద్రంలోకి పోతోంది. మొదటి రోజే ఎక్కినవాడికి అది నీళ్లలా కనిపిస్తుంది. మొదటి రోజు ఒక దిర్హాము ఇచ్చి దాన్ని దాటినవాడికి ఆ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో తెలుస్తుంది.

మరిది: పిల్లలను మీరే ఒప్పించాలి. నా వల్ల కాదు.

వదిన: దిగిన సాయంత్రమే పడవ ఎక్కిస్తున్నావని చెప్పు, ఒప్పుకుంటారు. అబ్రాలో నాణేలే సులువు. ఐదుగురికి ఐదు, తిరిగి రావడానికి ఇంకో ఐదు. విమానాశ్రయంలోనే చిల్లర మార్చుకుని జేబులో వేసుకో. పడవ మధ్యలో పొడుగాటి బల్ల ఉంటుంది, అత్తమ్మను దాని మీద నడుమ కూర్చోబెట్టు. ఎక్కేటప్పుడు ఊగుతుంది, చెయ్యి పట్టుకో.